ఎగ్ ద్వీపంలో ఐదు కిలోవాట్ల ఒడంబడిక

గ్లాస్గోలో రైలెక్కితే మాలెగ్ రేవు చేరేసరికి ఐదు గంటలు దాటుతుంది. స్కాట్లాండ్ పడమటి కొండల్లో సాగే ఈ దారి అందం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. గ్లెన్‌ఫినన్ వంతెన రాగానే బోగీలో సగంమంది ఫోన్లు పట్టుకుని కిటికీల దగ్గరికి చేరారు. నా చూపు మాత్రం అంతకుముందే, ఫోర్ట్ విలియం దగ్గర కొండవాలు మీదుగా దిగే లావుపాటి ఇనుప గొట్టాల దగ్గర ఆగిపోయింది. బెన్ నెవిస్ కొండల కింద సొరంగం తొలిచి తెచ్చిన నీళ్లవి. వాటితో తీసిన కరెంటుతోనే అక్కడి అల్యూమినియం కర్మాగారం 1929 నుంచి నడుస్తోంది. అంటే ఈ సీమలో వానను కరెంటుగా మార్చే విద్య కొత్తదేమీ కాదు. అయినా ఆ కర్మాగారానికి ఒక్కపూట ప్రయాణం దూరంలో ఉన్న ఎగ్ ద్వీపానికి ఇరవై నాలుగ్గంటల కరెంటు వచ్చింది 2008లో. ఆ వచ్చినది కూడా ప్రభుత్వం పంపిన కరెంటు కాదు, ద్వీపంవాళ్లు సొంతంగా తయారు చేసుకున్నది. నా ప్రయాణం అక్కడికే.

మాలెగ్‌లో ‘లాక్‌నెవిస్’ అనే ఓడ ఎక్కాలి. రమ్, ఎగ్, మక్, కానా అనే నాలుగు చిన్న దీవులకు ఇదే ఆధారం. పాలు, పిండి, గ్యాస్ బండలు, తలుపు చెక్కలు, ఉత్తరాలు అన్నీ ఇందులోనే పోతాయి. చూడవచ్చినవాళ్ల కార్లను దీవుల్లోకి రానివ్వరు. మే నెలాఖరు కావడంతో సముద్రం నెమ్మదిగా ఉంది. చలికాలంలో మాత్రం గాలి ముదిరితే ఓడ రద్దవుతుందనీ, వరసగా కొన్ని రోజులు రాకపోవడం కొత్త సంగతేమీ కాదనీ పక్కనే కూర్చున్న ఒక పెద్దాయన చెప్పాడు. ఇంట్లో దీపం వెలగడానికి కావలసిన డీజిల్ కూడా ఒకప్పుడు ఇలా ఓడ దయ మీద ఆధారపడే వచ్చేది.

దూరం నుంచి చూస్తే ఎగ్‌ను గుర్తుపట్టడం తేలిక. దీవి నెత్తిన 393 మీటర్ల ఎత్తున నల్లటి రాతిగోడలా స్గుర్ శిఖరం నిలబడి ఉంటుంది. పొడవు చూస్తే తొమ్మిది కిలోమీటర్లు, వెడల్పు ఐదు. వంద దాటి కొద్దిమంది మనుషులు. ఇంత తక్కువమంది కోసం సముద్రం అడుగున కేబుల్ వేసి ప్రధాన గ్రిడ్‌కు కలపాలంటే అయ్యే ఖర్చు ఏ లెక్కలోనూ గిట్టుబాటు కాదు. అందుకే ఎవరూ వేయలేదు.

నేను దిగిన ఇంటావిడ ఈ దీవికి వచ్చి చాలా ఏళ్లయింది. పాత రోజుల గురించి అడిగితే ఆమె మొదట చెప్పింది చీకటి గురించి కాదు, చప్పుడు గురించి. ‘‘సాయంత్రం అయ్యేసరికి ప్రతి ఇంటి వెనకా ఒక జనరేటర్ మొదలయ్యేది. అది నడిచినంతసేపే బట్టలు ఉతకాలి, పిల్లల చదువులు అవ్వాలి, ఇస్త్రీలు అవ్వాలి. డీజిల్ పీపాలు దొర్లించీ దొర్లించీ నడుములు పోయేవండీ’’ అంది. ఖర్చు కూడా తక్కువేమీ కాదు. జనరేటర్ నిండు లోడు మీద నడిస్తేనే తాగిన నూనెకు న్యాయం చేస్తుంది. రెండు దీపాలూ ఒక రేడియో కోసం నడిపితే నూనె పోతుంది, ఇంజనూ పాడవుతుంది. గ్రిడ్ లేని ఊళ్లలో ఈ బాధ ఎక్కడైనా ఒకటే. పేదవాడికి దొరికే కరెంటే అన్నిటికన్నా ఖరీదైన కరెంటు.

ఆమె వంటింట్లో, కిటికీ పక్కన, అరచేతిలో ఇమిడేంత చిన్న తెర ఒకటి ఉంది. ఆ క్షణాన ఇల్లు ఎంత కరెంటు వాడుతోందో అందులో కనిపిస్తుంది. నేను చూసినప్పుడు 0.3 కిలోవాట్లు ఉంది. ఫ్రిజ్జూ ఒకటి రెండు దీపాలూ అంతే. టీ పెడతానంటూ కెటిల్ మీట నొక్కింది. అంకె ఒక్కసారిగా 3.2కి ఎగబాకింది. బ్రిటిష్ కెటిళ్లు మన వాటికంటే దాదాపు రెట్టింపు కరెంటు లాగుతాయి. పక్కనే ఉన్న వాషింగ్ మెషిన్‌లో బట్టలు వేసి ఉన్నాయి, కానీ అది తిరగడం లేదు. నీళ్లు కాగి కెటిల్ టక్కున ఆగిపోయింది. అంకె మళ్లీ 0.3కి దిగింది. అప్పుడు మెషిన్ మీట నొక్కి, కప్పుల్లోకి నీళ్లు వంపింది. అది ఏదో నియమం పాటిస్తున్నట్టు లేదు. పొయ్యి దగ్గర చెయ్యి కాలకుండా పట్టగుడ్డ తీసుకోవడం ఎలా అలవాటవుతుందో అలాగే ఉంది.

నియమం మాత్రం ఉంది. ఇంటికి ఐదు కిలోవాట్లు, వ్యాపారానికి పది. ఒకేసారి అంతకుమించి లాగితే ఆ ఇంటి కరెంటు ట్రిప్ అయిపోతుంది. మళ్లీ కలపడానికి మనిషి రావాలి, అతను వచ్చినందుకు రుసుము కట్టాలి. ఐదు కిలోవాట్లంటే వంద వాట్ల బల్బులు యాభై. మామూలు మనిషికి చాలినంతే. కానీ బ్రిటన్ ఇళ్లలో స్నానాల గదిలో ఉండే ఎలక్ట్రిక్ షవర్ ఒక్కటే ఎనిమిది, తొమ్మిది కిలోవాట్లు తినేస్తుంది. కాబట్టి ఎగ్‌లో దానికి చోటు లేదు. ఇల్లు వెచ్చబరచడానికి కట్టెల పొయ్యి ఉంటుంది. ఉన్నవాడికీ లేనివాడికీ హద్దు ఒకటే. డబ్బు ఎక్కువ కడతానన్నా ఇంటికి ఆరో కిలోవాట్ రాదు. మన ఊళ్లలో కరెంటు కోత ఎరుగుదుం కదా, వేళ కాని వేళ ఎవరో దూరాన కూర్చుని తీసేసేది. ఇక్కడ కోత లేదు, హద్దు ఉంది. ఆ హద్దు గీసుకున్నదీ తామే. నేను ఎగ్‌లో చూసినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నాకు అనిపిస్తుంది. దీని ముందు గాలిమరలూ టర్బైన్లూ తర్వాతి సంగతి.

మర్నాడు పొద్దున్నే లేగ్ తీరం వైపు నడిచాను. దీవిలో అతి పెద్ద జల విద్యుత్ యంత్రం అక్కడే ఉంది. పెద్దదంటే వంద కిలోవాట్లు. ఇవికాక ఐదారు కిలోవాట్ల చిన్నవి ఇంకో రెండున్నాయి. ఆనకట్టలు, జలాశయాలు అనుకునేరు. కొండమీది వాగుకి చిన్న అడ్డుకట్ట కట్టి, కొంత నీటిని గొట్టంలోకి మళ్లించి, కింద గదిలో టర్బైన్ తిప్పి, తిరిగి వాగులోకే వదిలేస్తారు. గది తలుపు దగ్గర నిలబడితే లోపలి హోరు వినిపిస్తుంది, తలుపు మీద చెయ్యి వేస్తే సన్నటి అదురు తెలుస్తుంది. ఆ రోజు అదురు మరీ సన్నగా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ వానలు తగ్గుతాయి, వాగు పీలగా పారుతుంది. చలికాలంలో మొత్తం భారం మోసే యంత్రం ఎండల్లో మూలుగుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సూర్యుడు పనికొస్తాడు. మే నెలాఖరున ఇక్కడ పొద్దు గుంకేది రాత్రి పదింటికి. పచ్చిక బీడులో వరుసలుగా నిలిపిన సోలార్ పలకలు మొదట పది కిలోవాట్ల లోపే ఉండేవి. వేసవిలో వాగు చాలడం లేదని తేలాక రెండు విడతలుగా యాభై దాకా పెంచారు. చలికాలపు గాలి కోసం స్గుర్ కింద ఆరేసి కిలోవాట్ల గాలిమరలు నాలుగు. వాన, గాలి, ఎండ ఈ మూడూ ఒకేసారి మొహం చాటేసే రోజులు తక్కువ. అలాంటి రోజులకు రెండు డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. ఏడాది మొత్తం మీద వాడే కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వానా గాలీ ఎండా ఇస్తున్నవే. డీజిల్‌ను పూర్తిగా వదిలేయలేదేమని తప్పుపట్టేవాళ్లు ఉంటారు. ఆ చివరి పదోవంతును తీసేయాలంటే బాటరీలు ఎన్నో రెట్లు పెంచాలి. అవసరం ఏడాదిలో కొన్ని రోజులది, ఖర్చు మాత్రం ఏడాది పొడవునా మోయాలి. వాళ్లు చేసిన ఎంపిక సరైనదే.

యంత్రాలు చూసుకునే బృందంలో ఉన్నవాళ్లంతా దీవివాళ్లే. మిగతా రోజంతా వ్యవసాయమో వడ్రంగమో చేసుకుంటూ ఈ పని పంచుకుంటారు. వాళ్లలో ఒకాయన నాకు బాటరీల గది గురించి ఓపిగ్గా చెప్పాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను, ఎందుకంటే ఏకాకి కరెంటు వ్యవస్థల అసలు కష్టం అక్కడే ఉంది.

మన దేశపు గ్రిడ్ అనంతపురం నుంచి అస్సాం దాకా ఒకటే. ఉమ్మడి కుటుంబంలో ఒకరు మంచాన పడ్డా పొలం పని ఆగనట్టు, ఎక్కడో ఒక ప్లాంటు ఆగితే మిగతావి సర్దుకుంటాయి. పెద్ద పెద్ద టర్బైన్లు తిరిగే జోరే కాసేపు కాచుకుంటుంది. ఎగ్‌కి ఆ భాగ్యం లేదు. ఒక మబ్బు పలకల మీదికి వచ్చిన క్షణాన, ఒక ఇంట్లో కెటిల్ మీట పడిన క్షణాన, ఆ తేడాను అప్పటికప్పుడు ఎవరో పూడ్చాలి. ఒక్క సెకను కూడా అరువు దొరకదు. ఆ పని బాటరీలూ వాటికి కట్టిన ఇన్వర్టర్లూ చేస్తాయి. కరెంటు సెకనుకు యాభై సార్లు కొట్టుకునే లయను దీవి మొత్తానికి పట్టి ఉంచేవి అవే. బాటరీలు నిండిపోయాయనుకోండి, ఇన్వర్టర్లు ఆ లయను కావాలనే ఒకింత పెంచుతాయి. యాభై హెర్ట్జ్‌కి కొంచెం పైన. ఆ పెరుగుదలే కబురు. విడిగా తీగ వేయనక్కరలేదు, ఫోన్ చేయనక్కరలేదు. సోలార్, గాలిమరల యంత్రాలు ఆ లయను గమనించి తమంతట తామే తగ్గుతాయి. అదే సమయంలో సమావేశ మందిరంలోనూ చర్చిలోనూ ఉన్న హీటర్లు వాటంతట అవే వెలుగుతాయి. మిగులు కరెంటు వృథా కాకుండా ఊరుమ్మడి గదులు వెచ్చబడతాయి. బాటరీలు అడుగంటితే డీజిల్ జనరేటర్ దానంతట అదే మొదలవుతుంది. ‘‘చర్చి వెచ్చగా ఉందంటే కొండమీద బాగా వాన పడిందని అర్థం’’ అన్నాడాయన.

ఇదంతా 2008 ఫిబ్రవరి 1న మొదలైంది. దాదాపు పదకొండు కిలోమీటర్ల కేబుల్ భూమిలో పాతారు. మొత్తం ఖర్చు పదహారు లక్షల పౌండ్ల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం ఐరోపా అభివృద్ధి నిధి నుంచి, లాటరీ నిధి నుంచి, ఇతర గ్రాంట్ల నుంచి వచ్చింది. ఈ సంగతి దాచకూడదు. వందమంది ఉన్న ఊరు అంత పెట్టుబడి పెట్టి తిరిగి రాబట్టుకోవడం అసాధ్యం. మారుమూల ఊళ్లకు కరెంటు ఇవ్వడం ఎక్కడా లాభాల వ్యాపారం కాదు. నడిపే ఖర్చు, మరమ్మతుల ఖర్చు బిల్లుల్లో రావాలి, పెట్టుబడి సమాజం భరించాలి. రోడ్లకూ బడులకూ మనం అలాగే చేస్తున్నాం.

మధ్యాహ్నం స్గుర్ శిఖరం చుట్టూ తిరిగే కాలిబాట పట్టి గ్రులిన్ వైపు వెళ్లాను. గాలిమరలు తిరుగుతున్నది ఆ పక్కనే. బాట పక్కన పచ్చికలో రాతి గోడల మొదళ్లు కనిపిస్తాయి. చూరు లేదు, తలుపు లేదు, గొర్రెలు మాత్రం ఉన్నాయి. ఇది ఒకప్పుడు ఊరు. 1853లో భూస్వామి గొర్రెల మేతకని ఇక్కడి పద్నాలుగు కుటుంబాలను ఖాళీ చేయించాడు. వాళ్లలో ఎక్కువమంది ఓడలెక్కి కెనడాలోని నోవా స్కోషియాకు పోయారు. ఒక గోడ మూలన పొయ్యి ఉండే చోటు ఇంకా గుర్తుపట్టేలా ఉంది. అక్కడ కాసేపు కూర్చున్నాను. తల ఎత్తితే గాలిమరల రెక్కలు.

ఆ తర్వాత కూడా ఎగ్ చేతులు మారుతూనే వచ్చింది. దీవి ఎప్పుడూ ఎవరో ఒక భూస్వామి సొత్తుగానే ఉండేది. 1975లో షెలెన్‌బర్గ్ అనే ధనవంతుడు కొన్నాడు, 1995లో ఒక జర్మన్ చిత్రకారుడికి అమ్మాడు. ఇళ్లలో ఉన్నవాళ్లలో చాలామందికి గట్టి కౌలు పత్రాలు లేవు. రేపు పొమ్మంటే పోవాల్సిన ఇంటికి కప్పు ఎవరు వేయించుకుంటారు? వాగుకు అడ్డుకట్ట ఎవరు కడతారు? చివరికి ద్వీపవాసులు, హైలాండ్ కౌన్సిల్, స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు కలిసి ఊరూరా చందాలు పోగుచేసి, పేరు చెప్పని ఒక దాత ఇచ్చిన పెద్ద మొత్తం కలుపుకుని, పదిహేను లక్షల పౌండ్లకు దీవిని కొన్నారు. 1997 జూన్ 12న దీవి ఆ ముగ్గురూ కలిసి పెట్టుకున్న ట్రస్టు చేతికి వచ్చింది. అప్పుడు అక్కడ ఉన్నది అరవై చిల్లర మంది. కరెంటు కథ నిజానికి ఆ రోజునే మొదలైంది. భూమి తమది అయ్యాకే వాగు తమది అయింది, వాగు తమది అయ్యాకే హద్దు మీద సభ పెట్టుకోగలిగారు. 2010లో నెస్టా అనే సంస్థ పెట్టిన పోటీలో వాళ్లకు మూడు లక్షల పౌండ్ల బహుమతి వచ్చింది. ఆష్డెన్ అవార్డూ వచ్చింది. వెళ్లిపోయిన కుటుంబాల పిల్లలు కొందరు తిరిగి వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. జనాభా ఇప్పుడు వంద దాటింది.

ఇలాంటి ప్రయత్నమే మన దేశంలోనూ జరిగింది, బీహార్‌లోని ధర్నాయి అనే ఊళ్లో. 2014లో ఒక పర్యావరణ సంస్థ అక్కడ వంద కిలోవాట్ల సోలార్ ప్లాంటు, బాటరీలు పెట్టి ఊరికి సొంత గ్రిడ్ ఇచ్చింది. పత్రికలు గొప్పగా రాశాయి. అక్కడా హద్దు ఉండేది. ఎక్కువ కరెంటు లాగే సామాను పెట్టొద్దన్నారు. జనం ‘‘మాకు అసలు కరెంటు కావాలి’’ అన్నారు. కొన్నాళ్లకే మామూలు గ్రిడ్ కరెంటు వచ్చింది, ధర తక్కువ, హద్దు లేదు. సోలార్ బాటరీలు పాడైతే మార్చినవాళ్లు లేరు. చివరికి ఆ ప్లాంటు ఆవరణలో పశువులను కట్టేశారు. ధర్నాయి జనాన్ని నేను తప్పుపట్టలేను. పక్క ఊరికి లేని హద్దు తమకే ఎందుకని అడగడం న్యాయమైన ప్రశ్న. పెద్ద గ్రిడ్ తీగ పొలిమేర దాకా వచ్చే చోట చిన్న గ్రిడ్ నిలవడం కష్టం. కానీ సముద్రం మధ్య ఉన్న ఊళ్లకు ఆ తీగ రాదు. అక్కడ పోటీ డీజిల్‌తోనే.

అలాంటి ఊళ్లు మనవాళ్లకు కొత్తవి కావు. అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 లెక్కల ప్రకారం నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల కిందట వెళ్లి చేపల వేటా, కూలీ, వ్యాపారం చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డ కుటుంబాలవి. ఆ దీవులకు దేశపు గ్రిడ్‌తో సంబంధం లేదు. డీజిల్ ఓడల్లో వస్తుంది, దూరపు దీవుల పవర్‌హౌస్‌లు ఒక్కొక్కటీ విడివిడిగా నడుస్తాయి. యూనిట్ తయారీ ఖర్చులో జనం బిల్లుల్లో కట్టేది కొంతే, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ నది మీద 5.25 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉంది. దక్షిణ అండమాన్‌లో ఎన్‌ఎల్‌సీ సంస్థ 20 మెగావాట్ల సోలార్ ప్లాంట్లనూ వాటికి తోడుగా 8 మెగావాట్ అవర్ల బాటరీనీ పెట్టింది. అక్కడి ఆకాశంలో మబ్బు కమ్మినప్పుడు ఆ బాటరీ చేసే పని, ఎగ్‌లో నాకు వివరించిన పనే. అంటే యంత్రాలు వచ్చాయి, విద్య తెలుసు.

రానిది ఊరి సభ. ఏ దీవిలో ఏ హద్దు, ఎవరికి ముందు, మిగులు కరెంటుతో ఐసు ఫ్యాక్టరీ నడపాలా, మంచినీటి పంపు నడపాలా అని అక్కడి జనాన్ని అడగాలి. వేటకు పోయేవాడికి చేప చెడకుండా ఉంచే ఐసు కంటే ముఖ్యమైనది ఏముంటుంది? ఆ ఐసు ఎండ బాగా కాసే మధ్యాహ్నం గడ్డకడితే బాటరీ మీద భారమూ తగ్గుతుంది. ఇలాంటి లెక్క ఆ రేవులో బతికేవాళ్లకే బాగా తెలుస్తుంది.

అండమాన్‌కైనా లక్షద్వీపాలకైనా ప్రణాళికలు రాసే అధికారులకు, ఇంజనీర్లకు నా విన్నపం ఇదే: టెండరు పిలిచే ముందు ఊరివాళ్లతో కూర్చోండి. హద్దు ఏదైనా వాళ్లతోనే పెట్టించండి, అందరికీ ఒకటే పెట్టించండి. యంత్రాలు చూసుకునే పనిని ఊరి పిల్లలకు నేర్పి, జీతమిచ్చి, వాళ్లకే అప్పగించండి. పదేళ్లకు బాటరీలు మార్చక తప్పదు కాబట్టి ఆ సొమ్ము మొదటి నెల బిల్లు నుంచే విడిగా కూడబెట్టండి.